సింగడు ఆడిన ఆట

చదరంగమంటే చెవికోసుకునే నరసభూపతి మహారాజు, గుమ్మం దగ్గర కాపలా ఉన్న కాలిబంటు సింగడిని ఆటకు కూర్చోబెట్టాడు. "గెలిస్తే కోరింది ఇస్తాను. ఓడితే రేపటి యుద్ధంలో ముందు వరుస నీదే" అన్నాడు.

రాజు బంట్లను ముందుకు తోస్తూ పోయాడు. ఏనుగులూ గుర్రాలూ ఉన్నచోటు కదల్లేదు. ఈ తంతు సింగడు ఇదివరకే చూశాడు. వెనక అండలేని బంట్లను తాపీగా ఏరుకుని, ఆ సందులోంచి దూరి ఆట కట్టించాడు.

"ఎవరు నేర్పార్రా?" అన్నాడు రాజు, మొహం మాడ్చుకుని.

"తమరే ప్రభూ. కిందటి యుద్ధంలో, దసరాకు పూసిన రంగులు చెదురుతాయని ఏనుగులను సాలలోనే ఉంచి మమ్మల్ని పంపారు. శత్రువులు ఇలాగే ఏరుకున్నారు."

"సరే, ఏం కావాలి?"

"రేపు ముందు వరుసలోనే నడుస్తాను. నా వెనకే పట్టపుటేనుగు రావాలి, దాని మీద తమరుండాలి."

రాజు గడ్డం నిమురుకున్నాడు. పొద్దు వాలకముందే శత్రురాజుకు సంధి కబురు వెళ్ళింది.