ట్యూబులైటు కింద పాలవంగ

ఇలా దగ్గరికి జరుగు బంగారూ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడతావుగా మరి?

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నమని ఒక కోడలుపిల్ల, ఆమెకి వెంకాయమ్మని ఒక అత్తగారు. ఆ లంకలో పాలవంగ అని తెల్లటి వంకాయ పండేది. వెన్నలా ఉడికేది. ఊరు ఊరంతా ఆ పంట మీదే బతికేది.

ఒక ఏడు శ్రావణంలో గోదారి ఊళ్ళోకొచ్చేసింది. పొలాల్లో పోసిన నారు కొట్టుకుపోయింది. ఇళ్ళల్లో దాచిన విత్తనం నాని కుళ్ళిపోయింది. వెంకాయమ్మ బూడిదలో కలిపి, సొరబుర్రలో పోసి, అటక మీద దాచిన మూడు చిటికెల విత్తనమే మిగిలింది. ఇక ఆ లంకకి పాలవంగంటే అదే.

వరద తీసింది గానీ ముసురు తీయలేదు. పెరట్లో మోకాలి లోతు బురద. సూర్యుడి మొహం చూసి ఇరవై రోజులైంది. ఇప్పుడు నారు పోయకపోతే అదను దాటిపోతుంది.

అప్పుడు నూకరత్నం, "అత్తయ్యా, ఇంట్లోనే పోద్దాం" అంది.

"ఇంట్లో నారేంటే, ఎండేదీ?" అంది అత్తగారు. అన్నదే గానీ, ఒక చిటికెడు తీసిచ్చింది.

నూకరత్నం పాత బేసిన్లో ఒండ్రుమట్టి పోసి, గింజలు చల్లి, గదిలో పెట్టింది. గోడ మీదున్న ట్యూబులైటు వేసింది. ఎనిమిదో రోజు మొలకలొచ్చాయి. వెలుగెక్కడో పైనుంది కదా, దాన్ని అందుకోవాలని సాగి సాగి, దారప్పోగుల్లా అయిపోయి, అన్నీ పక్కకి వాలిపోయాయి.

ఆ తర్వాత రెండో చిటికెడు చల్లింది. ఈసారి లైటు గోడ మీంచి ఊడదీయించి, మొగుడు సత్తిబాబు చేత దూలానికి తాళ్ళతో కట్టించింది. బేసిన్ మీద నాలుగు వేళ్ళ ఎత్తులో వేలాడదీయించింది. మొలకలు పొట్టిగా, బలంగా వచ్చాయి. నూకరత్నానికి సంతోషం పట్టలేదు. ముద్దొచ్చినప్పుడల్లా నీళ్ళు పోసింది. పాపం, మొదళ్ళు మెత్తబడి, రెండు రోజుల్లో అన్నీ కుళ్ళిపోయాయి.

ఊళ్ళో నవ్వారు. పడవ నడిపే భద్రయ్య అయితే రేవులో అందరి ముందూ, "లైటు కింద నారంట! రేపు ఫ్యాను కింద వాన కూడా కురిపిస్తుందేమో!" అన్నాడు. నూకరత్నం ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడు వెంకాయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. సొరబుర్ర కోడలి అరచేతిలో బోర్లించింది.

"ఇదే ఆఖరు. భయమేస్తోందా?"

"వేస్తోందత్తయ్యా."

"నాకూ వేస్తోందే. అయినా చల్లు. బుర్రలో ఉంటే మొలవదుగా."

ఈసారి నూకరత్నం బేసిన్ అడుగున మేకుతో చిల్లులు పొడిచింది. కొబ్బరిపొట్టు, మాగిన పెంట కలిపి జల్లెడ పట్టి పోసింది. పైనుంచి నీళ్ళు పోయలేదు. పళ్ళెంలో నీళ్ళు పెట్టి, అందులో బేసిన్ ఉంచి, మట్టి తాగినంత తాగాక తీసేసింది. మళ్ళీ వేలు పెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్ళు. పొద్దున్నే లైటు వేసేది, పడుకోబోయే ముందు ఆర్పేది.

మొక్కలు కూడా నిద్రపోతాయా అంటావా? పోవూ మరి! నిద్ర లేకపోతే నువ్వు పెరుగుతావా ఏంటి?

ఆ ఇంట్లో ఉన్న ట్యూబులైటు అదొక్కటే. అందుకని ముగ్గురూ బుడ్డిదీపం ముందేసుకుని అన్నాలు తినేవాళ్ళు. మొక్క ఎదిగేకొద్దీ సత్తిబాబు తాళ్ళు పైకి లాగేవాడు. వెంకాయమ్మ రోజూ ఆకుల మీద అరచెయ్యి మెల్లగా ఆడించేది, "గాలికి అలవాటు పడండర్రా" అని.

నాలుగాకులు తొడిగేసరికి ముసురు విడిచింది. ఎండ కనబడగానే సత్తిబాబు బేసిన్ ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాడు.

"ఆగయ్యా! ఎండెరగని పసివి, మాడిపోతాయి!" అని నూకరత్నం వెనకాలే పరిగెత్తి లాక్కుంది. మొదటి రోజు అరుగు మీద నీడలో ఒక గంట పెట్టింది. మర్నాడు రెండు గంటలు. అలా వారం తిరిగేసరికి నారు మిట్టమధ్యాహ్నం ఎండలో తలెత్తుకుని నిలబడింది.

మూడు వందల మొక్కలు, బంగారూ! ఊరంతా ఆ వాకిట్లోకొచ్చేసింది. నూకరత్నం ఇంటికి పది చొప్పున పంచింది. భద్రయ్య తలొంచుకుని అందరి వెనకా నిలబడ్డాడు.

"ఇలా రా బాబాయ్. మీ ఇంట్లో తినే నోళ్ళెక్కువ కదా" అని ఆయనకి పన్నెండిచ్చింది.

ఆ ఏడు కాయల్లో సగం కోయకుండా విత్తనానికి పండనిచ్చారు. మరుసటి ఏడు చూడాలి, లంకంతా తెల్లటి వంకాయలే! మొదటి కోత పడవ అంచుల దాకా నిండింది. అవతలి ఒడ్డున సంతకొచ్చిన జనం రేవులోకి పరిగెత్తుకొచ్చారు.

"పాలవంగే! పాలవంగొచ్చింది! ఎవరిదర్రా పంట?" అని కేకలేశారు.

భద్రయ్య తెడ్డు ఆపి నోరు తెరిచాడు. ఆయన పలికేలోపే వెంకాయమ్మ పడవలో లేచి నిలబడి, గోదారి రెండొడ్లూ అదిరేలా అరిచింది.

"నా కోడలిది!"

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.