మొగ వెడల్పు చేసిన నీరుకుక్క

అనగనగా ఒక అడవి. దానిలో నేల సగం, నీరు సగం. అది మడ అడవి. ఆ అడవి నడుమ నుంచి ఒక ఏరు మెల్లగా సాగి సముద్రంలో కలిసేది. ఏరు సముద్రంలో కలిసే వాకిలిని అక్కడివారు మొగ అంటారు. ఆ మొగ ఇరుకైనది. దానికి అడ్డంగా ఒక ఇసుక మేట కూడా ఉండేది. ఆ మేట వెయ్యేళ్ళ నాటిదని కొంగలు చెబుతాయి. కొంగల మాట నేను పూర్తిగా నమ్మను. అవి తాము నిలబడిన చోటును బట్టి ఏటి లోతు చెప్పే రకం.

మొగకు కొంత ఎగువన ఒక మడుగు ఉండేది. సముద్రం అంత దగ్గరగా ఉన్నా ఆ మడుగు నీరు తీపి. దాని చుట్టూ ఒత్తుగా తుంగ పెరిగేది. తుంగలో తుంగమ్మ అనే నీటికోడి గూడు కట్టుకునేది. ఆ చుట్టుపక్కల నీటికోడి గుడ్లు పెట్టదగిన చోటు అదొక్కటే. ఉప్పునీటిలో తుంగ మొలవదు. తుంగ లేనిదే గూడు లేదు.

మడుగు గట్టున నీరుకుక్కలు బొరియల్లో ఉండేవి. వాటి పెద్ద పేరు సుదంతుడు. అవి ఉప్పునీటిలో వేటాడినా, ఇంటికి రాగానే మడుగులో మునిగి ఒళ్ళు కడుక్కునేవి. ఉప్పు పట్టిన బొచ్చు అట్టకడుతుంది. అట్టకట్టిన బొచ్చు చలిని ఆపలేదు.

ఇక సముద్రంలో గాదుపందులు ఉండేవి. పట్నంలో వాటినే డాల్ఫిన్లు అంటారు. పేరులో పంది ఉన్నది గాని, అవి మర్యాద తెలిసిన జీవులు. పోటు వచ్చి నీరు పొంగినప్పుడు ఒకటి రెండు గాదుపందులు ఇసుక మేట దాటి, కవళ్ళ గుంపును తరుముకుంటూ ఏటిలోకి వచ్చేవి. ఆ చేపలను అవి కొన్ని తినేవి, నీరుకుక్కలు కొన్ని తినేవి.

ఒక శ్రావణమాసంలో గాదుపందుల పెద్ద నీలకాయుడు మొగ దగ్గరకు వచ్చి ఇలా అన్నాడు: "సుదంతా! మా మంద ఇప్పుడు నలభైకి పెరిగింది. మీ వాకిట్లో ఇద్దరం కూడా పక్కపక్కన పట్టం. మొగ వెడల్పు చేసి లోతు తవ్వితే మందంతా వస్తాం. పోటు కోసం ఎదురుచూడం. రోజంతా చేపలే."

"తవ్వకపోతే?" అని సుదంతుడు అడిగాడు.

"దక్షిణాన మరో మొగ ఉన్నది. దసరాలోగా మాట చెప్పు."

సుదంతుడు అందరినీ పిలిచాడు. "మన పూర్వుల కాలంలో ఈ మొగ మహా విశాలం. తిమింగలాలే లోపలికి వచ్చేవట. మనం కొత్తగా చేసేదేమీ లేదు. పాత వైభవం తిరిగి తెస్తున్నాం, అంతే!" అన్నాడు.

మడ వేళ్ళ కింద నుంచి ముసలి ఎండ్రకాయ తాత బయటికి వచ్చాడు. "తిమింగలాలను ఎవరు చూశారు?" అని అడిగాడు.

"మా తాత చెప్పాడు."

"ఆయనకు?"

"ఆయన తాత."

"అయితే చూసినవాడు ఇంకా దొరకలేదన్నమాట" అన్నాడు ఎండ్రకాయ తాత.

అందరూ నవ్వారు. సుదంతుడికి రోషం వచ్చింది. "తాతా! నీవు పుట్టి బుద్ధెరిగి తిన్నగా నడిచింది లేదు. నీకు తిన్నని దారి ఎలా నచ్చుతుంది?"

"పక్కకు నడిచేవాడికే పక్కన ఉన్నవి కనబడతాయిరా అబ్బీ."

అప్పుడు తుంగమ్మ మెడ చాచి, "మరిదీ, మొగ తెరిస్తే సముద్రం మడుగు దాకా రాదు కదా? ఈ చుట్టుపక్కల నాకు మరో చోటు లేదు" అన్నది.

"వదినా, దానికి ఆనవాయితీ ఉన్నదిగా!" అన్నాడు సుదంతుడు.

ఆ అడవిలో నిజంగానే ఒక ఆనవాయితీ ఉండేది. ఏటిని ఎవరు ఎక్కడ తవ్వినా, తరువాత వరుసగా మూడు పోట్లు మడుగు నీటిని రుచి చూడాలి. ఉప్పు తగిలితే పని ఆపాలి. తగలకపోతే సాగించవచ్చు.

"మూడు పోట్లు చూడాలి, నిజమే. కాని ఇప్పుడు కాదు. వైశాఖం దాకా ఆగి చూడాలి" అన్నాడు ఎండ్రకాయ తాత.

"ఆనవాయితీలో నెల పేరు ఉన్నదా?"

"లేదు. పూర్వం తవ్వకాలన్నీ ఎండాకాలంలోనే జరిగేవి. వానల్లో తవ్వే తెలివితక్కువవాడు ఉంటాడని వాళ్ళు ఊహించలేదు. అందుకే నెల పేరు చెప్పలేదు."

"లేని మాటను పెద్దల నోట పెట్టకు తాతా. దసరా దాటితే మంద వెళ్ళిపోతుంది" అన్నాడు సుదంతుడు. పని మొదలు పెట్టమని నీరుకుక్కలకు చెప్పాడు.

మొదట ఇసుక మేటను తీసివేశారు. మూడు పోట్లు మడుగు నీటిని రుచి చూశారు. తీపిగానే ఉన్నది. భాద్రపదంలో మొగను రెట్టింపు వెడల్పు చేశారు. మూడు పోట్లు రుచి చూశారు. తీపి. ఆశ్వయుజంలో మొగ నుంచి, మడుగు సన్నబడి ఏటిలో కలిసే మెడ దాకా లోతుగా కాలువ తీశారు. తవ్విన బురదను పక్కనే మడ చెట్ల ఊపిరి వేళ్ళ మీద పోశారు. మళ్ళీ మూడు పోట్లు. మళ్ళీ తీపి.

పిల్లలూ, వాళ్ళు అబద్ధమాడలేదు. నీరు నిజంగానే తీపిగా ఉన్నది. అవి వరద రోజులు. ఏరు ఎర్రగా పొంగి, వచ్చిన పోటును వచ్చినట్టే వెనక్కి నెడుతున్నది.

దసరాకు నలభై గాదుపందులూ వచ్చాయి. చేపలు గట్టు మీదికి ఎగిరి పడేంతగా వచ్చాయి. నీరుకుక్కలు బలిశాయి. "తాతా, ఒక కవళ్ళ తోక పంపనా?" అని సుదంతుడు ఎండ్రకాయను ఆటపట్టించేవాడు.

పుష్యమాసంలో ఎండ్రకాయ తాత మడుగు అడుగు నుంచి పాకుతూ వచ్చాడు. "అబ్బీ, అడుగున ఉప్పు తగులుతున్నది."

సుదంతుడు పైనీరు నాకి చూశాడు. "తీపిగా ఉన్నది తాతా."

"ఉప్పునీరు బరువు. అది అడుగునే నడుస్తుంది. నేనూ అడుగునే నడుస్తాను."

సుదంతుడు వినలేదు. ఫాల్గుణంలో ఏరు సన్నబడింది. బురద కప్పిన మడ చెట్లు ఆకులు రాల్చాయి. వైశాఖంలో ఏరు దాదాపు ఆగిపోయింది. అప్పుడు సముద్రం తన కోసం తీసిన కాలువలో నుంచి తిన్నగా మడుగులోకి నడిచి వచ్చింది. పైన ఉప్పు, అడుగున ఉప్పు.

తుంగ పసుపుపచ్చగా మారి ఒరిగిపోయింది. తుంగమ్మ గూడు కూడా ఒరిగింది. నాలుగు గుడ్లలో మూడు నీటిలోకి జారిపోయాయి. మిగిలిన ఒక్క గుడ్డు నుంచి పిల్ల బయటికి వచ్చింది. తుంగమ్మ ఎవరినీ నిందించలేదు. పిల్లను వెంటబెట్టుకుని, గట్టు వెంట నడుచుకుంటూ ఎగువకు వెళ్ళిపోయింది.

నీరుకుక్క పిల్లల బొచ్చు అట్టకట్టింది. నడివేసవిలోనే అవి వణికాయి. సుదంతుడు మొగ దగ్గరకు పరుగెత్తాడు. "నీలన్నా! మొగ పూడ్చాలి. సాయం చెయ్యి!"

నీలకాయుడు దిగులుగా చూశాడు. "మాకు ఎంత దారి కావాలో నేను చెప్పాను, నీవు తవ్వావు. సముద్రానికి ఎంత దారి చాలునో ఎవరినీ అడగలేదు. పూడ్చడం మాకు రాదు తమ్ముడూ" అన్నాడు.

నీరుకుక్కలు ఇసుక పోశాయి. ఒక్క పోటుకు కొట్టుకుపోయింది. రాళ్ళు పేర్చాయి. రెండు పోట్లకు కొట్టుకుపోయాయి. ఎండుకొమ్మలు అల్లాయి. మూడు పోట్లకు అవీ పోయాయి.

సుదంతుడు సిగ్గు విడిచి మడ వేళ్ళ దగ్గర కూర్చున్నాడు. "తాతా, దారి చెప్పు."

ఎండ్రకాయ తాత దెప్పలేదు. "మొగతో పోరాడకు. మడుగు మెడ దగ్గర మడ కాయలు గుచ్చు. అవి వేళ్ళు పట్టి, బురదను పట్టి, మెల్లగా గట్టు లేపుతాయి. కాని గట్టు లేచాక గాదుపందులు ఇక్కడిదాకా రాలేవు. చేపలు తగ్గుతాయి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను."

"వెంటనే జరిగే పని కాదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"అది మడ చెట్లను అడగాలి. నేను ఊహించి చెప్పను."

సుదంతుడు ప్రతి కార్తికంలోనూ మడ కాయలు గుచ్చాడు. గాదుపందులు సెలవు తీసుకుని దక్షిణానికి వెళ్ళిపోయాయి. నీరుకుక్కలు చిక్కిపోయాయి. దూరంగా ఉన్న ఊటకు నడిచి పిల్లలకు స్నానం చేయించాయి. ఐదు వానాకాలాలు గడిచాయి. ఆరో వైశాఖంలో సుదంతుడు మడుగు అడుగుకు మునిగి నీరు తాగాడు. తీపి! అంచున తుంగ పచ్చగా మొలిచి ఉన్నది.

సుదంతుడు ఆ పూటే ఏటి వెంట ఎగువకు పరుగుతీశాడు. పొద్దు వాలే వేళకు ఒక చిన్న కుంట కనిపించింది. అక్కడ గట్టు మీద తుంగమ్మ కూర్చుని ఉన్నది. ఈకలు పలచబడ్డాయి. ఒక కన్ను మసకబారింది.

"వదినా! మడుగు బాగుపడింది. తుంగ మొలిచింది. ఇంటికి రా!"

తుంగమ్మ అతని వైపు మెడ తిప్పింది. "సంతోషం మరిదీ. ఎన్నాళ్ళు పట్టింది?"

"ఎంతో కాలం కాదు వదినా. ఐదు వానాకాలాలు."

తుంగమ్మ మెల్లగా నవ్వింది. "నీటికోడికి అదే ఒక జన్మ, నాయనా. ఇప్పుడు నేను అంత దూరం నడవలేను. నా బిడ్డకు ఆ మడుగు ఎక్కడ ఉన్నదో తెలియదు."

 సుదంతుడు కుంటలోకి దిగి, తుంగమ్మ కాళ్ళ దగ్గరికి మెత్తని పచ్చి తుంగ కొంత లాగి పెట్టాడు. తరువాత ఒంటరిగా వెనక్కి నడిచాడు.

నీతి: తవ్వడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలిస్తే చాలదు, పూడడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలుసుకోవాలి; ఏ పనినైనా మనకు అనుకూలమైన కాలంలో కాక, కష్టకాలంలో పరీక్షించి చూడాలి.