రాతి సందులో గొంతు

అనగనగా ఒక అడవిలో, మిట్టమధ్యాహ్నం కూడా మంచు వీడని లోయ ఒకటి ఉండేది. అక్కడ కొమరమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి. రోజంతా ఇప్పపూలు తిని, ఆ చెట్టు కిందే పడుకుని బాగా ఒళ్లు చేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

ఒకరోజు కొండవారగా పోతుంటే, రాతి సందులోంచి సన్నని గొంతు వినిపించింది.

"ఎంత లావయ్యావమ్మా! లోపల ఆడవాళ్లంతా ఎంత సన్నగా ఉన్నారో! ఒక్కరూ బయటికి రామంటున్నారు."

"నేనేం చెయ్యాలి?" అంది కొమరమ్మ.

"చెదపురుగులు తినడం మానెయ్. సన్నబడితే నువ్వూ లోపలికి రావచ్చు."

మానేసింది. వారానికి మళ్లీ వెళ్లింది.

"ఈ సందులో ఇంకా పట్టవు. పండ్లు మానెయ్."

మానేసింది. బొచ్చు ఊడింది. మూడోసారి ఆ గొంతు దుంపలూ మానెయ్యమంది. పిల్లలకు పాలు ఎండిపోయాయి.

పొరుగున ఉండే ముళ్లపంది ఈరమ్మ అది చూసి కంగారుపడింది.

"వదినా, నీ ఒళ్లు పెంచింది ఇప్పపూలూ, కదలకుండా పడుకోవడమూ. చెదపురుగులు కండకు బలం కదా, వాటినెందుకు మానేశావు?"

"లోపలున్నవాళ్లంతా అలాగే సన్నబడ్డారట."

"వాళ్లను నువ్వు చూశావా?"

కొమరమ్మ వాళ్లను చూద్దామనుకుంది. మర్నాడు సందులో తల పెట్టింది. తల పట్టింది. భుజాలూ పట్టాయి. లోపల గోడవారగా ఒక దుప్పి, ఒక కుందేలు, ఒక కొండగొర్రె వరసగా కూర్చున్నట్టున్నాయి. అన్నీ ఎముకలే. వాటి వెనక ముసలి దుమ్ములగొండి. పరిగెత్తి వేటాడే సత్తువ దానికి లేదు. బలం లేనివాళ్లు తమంతట తామే వస్తే చాలు.

"ఇంకొంచెం రామ్మా," అని అదే సన్నని గొంతుతో పిలిచి కొమరమ్మ చెవి పట్టుకుంది.

వెనక్కి లాక్కుందామంటే కాళ్లలో శక్తి లేదు. కేక పెట్టింది. అనుమానంతో వెంటే వచ్చిన ఈరమ్మ ఆమె పొట్ట కిందనుంచి దూరి, దుమ్ములగొండి మొహాన ముళ్లు గుచ్చింది. కొమరమ్మ పాక్కుంటూ బయటపడింది. చెవి ఒకటి లోపలే పోయింది.

ఆ రోజునుంచి ఈరమ్మ ఆమెను వెంటబెట్టుకుని తిప్పింది. పొద్దున పుట్టలు తవ్వి చెదపురుగులు, తర్వాత పండ్లూ దుంపలూ, ఇప్పపూలు మాత్రం గుప్పెడే. వానలు పడేసరికి ఆయాసం పోయింది. పాలు వచ్చాయి. నడుము మాత్రం ఎలుగుబంటి నడుమే.

అప్పుడు కొమరమ్మ పెద్ద బండను దొర్లించి ఆ సందును మూసింది. మూడు రోజులు బండ వెనక గోళ్లతో గీకుతున్న చప్పుడు వినిపించింది. నాలుగో రోజు వినిపించలేదు.

నీతి: ఏ తిండి ఒంటికి ఏం చేస్తుందో తెలుసుకుని తినాలి; తెలియకుండా తిన్నా, తెలియకుండా మానేసినా ముప్పే.