నీళ్ళు తాగిన నావ

దానయ్య నావ దించేలోగా సముద్రమే ఇంకిపోతుందని రేవులో ఎకసెక్కాలాడేవారు. వాళ్ళని అని లాభం లేదు. ఇంజను పడవలొచ్చాక ఆ ఒడ్డున తెరచాప నావ అదొక్కటే మిగిలింది. అన్న పెంటయ్య తుఫానులో పోయిననాడు ఖాళీగా కొట్టుకొచ్చిన నావ అది. ఆనాడు దానయ్య జ్వరమొచ్చి ఒడ్డునే ఉండిపోయాడు.

అప్పటినుంచి నావ పక్కనే పాక వేసుకుని ఒంటిగా ఉంటున్నాడు. పగుళ్ళలో కొబ్బరిపీచు కూరేవాడు, గుగ్గిలం పూసేవాడు. ఎండ కాసేది, పక్కన ఇంకో పగులు తెరుచుకునేది. మళ్ళీ కూరేవాడు.

సాయంత్రమయ్యేసరికి వదిన ఎర్రమ్మ అంబలి ముంత పంపేది. ఆకలి లేదని తిప్పి పంపేవాడు. అన్న లేని గడప తొక్కే ధైర్యం లేదతనికి. ఏడుపొస్తే సముద్రం వైపు తిరిగి ఏడ్చేవాడు. ఎందుకని అడిగేవాళ్ళు లేరు.

ఒకరోజు అతనికి నావ పని నేర్పిన గురువు కొర్లయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు.

"ఎప్పుడు దించుతావురా?"

"ఒక్క పగులూ లేకండా సేసుకుని దించుతాను గురువా. ఎంత కూరినా పూడట్లేదు. ఏటి తప్పు సేత్తన్నానో తెలీట్లేదు."

గురువు నావ చుట్టూ ఓసారి తిరిగి చూశాడు. ఉలి తీసుకుని, దానయ్య దిట్టంగా కూరిన పీచు సగానికి పైగా లాగి పారేశాడు. రేవులోవాళ్ళని కేకేసి నావని ఉప్పుటేటి మడుగులోకి తోయించాడు.

పగుళ్ళలోంచి బుడబుడమంటూ నీళ్ళొచ్చాయి. చూస్తుండగానే నావ అంచుల దాకా మునిగింది.

"ముంచేసినావు గురువా," అన్నాడు దానయ్య.

"ఉండనీ," అన్నాడు గురువు.

అమావాస్య వెళ్ళాక మళ్ళీ వచ్చాడు. ఇద్దరూ కలిసి నీళ్ళు తోడేశారు. నావ తేలింది. దానయ్య అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు. తడిగా ఉంది కాని నీరు ఊరడం లేదు. చెక్కలు నీళ్ళు తాగి, పీచు తీసిన సందుల్లోకి ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మరి ఇన్నాళ్ళూ నాను కూరిందంతా?"

"ఒడ్డునున్న సెక్కకి ఎంత కూరినా సాలదురా," అన్నాడు గురువు కర్ర అందుకుంటూ. "నీల్లలో పెట్టాల. ముందు మునుగుతాది. బయపడకూడదు."

ఆయన వెళ్ళాక దానయ్య నావని గుంజకి కట్టి, ఊరి వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం అంబలి ముంత వచ్చే వేళకి పాకలో ఎవరూ లేరు. దానయ్య ఎర్రమ్మ గడపలో తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"వదినా," అన్నాడు, "కూసింత అంబలి పొయ్యి."