చెలమ దగ్గర వంతు

ఆ ఏడు ఎండలకు వాగు ఎండి, అడవి మొత్తానికి ఇసుకలో తోడిన ఒక్క చెలమే మిగిలింది. ఒకరు తాగి లేస్తే గానీ ఇంకొకరు మూతి పెట్టలేరు. వంతులు చూసే పెత్తనం సింహం నక్కకు అప్పగించింది. ఎవరు తాగి లేచినా నక్క ఒక గులకరాయి పక్కన వేసేది. సాయంత్రం సింహం వచ్చి, కుప్ప చూసి, "భేష్!" అని వెళ్ళిపోయేది.

కుప్ప పెరగాలంటే ఏం చెయ్యాలో నక్కకు ఒకరు చెప్పాలా? పిట్టలు, ఉడతలు, కుందేళ్ళు ముందు. రెండు గుక్కలకో రాయి. తాగినవే మళ్ళీ వచ్చినా రాయి రాయే. తెల్లారకముందే వచ్చిన బూదెమ్మ గేదె మాత్రం వరస చివరే ఉండిపోయేది. దాని వంతు వచ్చేసరికి చెలమలో బురదే మిగిలేది. నీళ్ళు లేక పాలు ఇగిరిపోయాయి. పాల మీదే బతికే దూడ మోకాళ్ళ మీద కూలబడుతుంటే తల్లి నక్క దగ్గరికి వెళ్ళింది.

"నక్క బావా, బిడ్డ దక్కేట్టు లేదు. ఒక్కసారి వదులు."

"నువ్వు మూతి పెడితే ఇప్పట్లో లేవవు వదినా! ఈలోగా ఎన్ని రాళ్ళు పడతాయో తెలుసా? నిదానమే ప్రధానం అన్నారు."

సాయంత్రం సింహం రాగానే బూదెమ్మ తల వంచి అంది: "మహారాజా, కుప్ప చూస్తే ముచ్చటేస్తోంది. ఇంత చక్కని పద్ధతి పెట్టిన బావ కూడా రేపు వరసలో నిలబడి తాగితే మాకు గౌరవంగా ఉంటుంది."

పొగడ్తకు నక్క ఉబ్బిపోయింది. "ఓస్, అంతేగా!"

మర్నాడు నక్క బదులు తాబేలు వంతులు పిలిచింది. నక్క బూదెమ్మ పక్కనే నిలబడింది. పిట్టలు తాగాయి, ఉడతలు తాగాయి, మళ్ళీ పిట్టలు వచ్చాయి. ఎండ నడినెత్తికెక్కింది. నక్క నాలుక వేలాడింది.

"ఒరే తాబేలూ! ఆ కుందేలు ఇందాకే తాగిందిరా! నేనింకా ఎంతసేపు నిలబడాలి?"

"నీ పద్ధతే కదా మామా. చూడు, కుప్ప నిన్నటికన్నా పెద్దది."

నక్క వరసలో నిలబడడం చూద్దామని ఆ రోజు ముందే వచ్చి నీడలో కూర్చున్న సింహం ఆ మాట విని లేచింది. దానికి సిగ్గేసింది.

"ఎంతసేపు నిలబడ్డారని నేను ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు. ఇకనుంచి ఎక్కువసేపు ఆగినవాళ్ళే ముందు. రా బూదెమ్మా."

బూదెమ్మ తాగింది. తాగుతూనే ఉంది. దాని వెనక వంతు నక్కదే. ఎండలో నిలబడి, ఆ గుటకల చప్పుడు వింటూ, గుటకలు మింగింది.

తాగినవారి లెక్క చూసి మురిసిపోయే ముందు, ఆగినవారి గొంతు తడిసిందో లేదో చూడాలి.