తాబేలు వీపు మీద మూడు కొంగపిల్లలు

అనగా అనగా, మా అవ్వకు వాళ్ళ అవ్వ కథలు చెప్పిన రోజులకన్నా ముందు, వేణుపురమనే రాజ్యం ఉండేది. విమలసేనుడనే రాజు దాన్ని ఏలేవాడు. ఆకలన్నవాడికి అన్నం, ఆపదన్నవాడికి అభయం ఇచ్చే మంచి రాజు.

ఆ రాజ్యంలో అందరికీ ప్రాణమైన ఒక పాత కథ ఉండేది. ఏటా కోతలయ్యి గాదెలు నిండాక, శేషావధాని అనే పౌరాణికుడు రాజుగారి కొలువులో కూర్చుని ఆ కథ చదివేవాడు.

ఏటికి వరదొస్తుంది. రెల్లుపొదలో గూడు కట్టుకున్న కొంగ మేతకు పోయి ఉంటుంది. రెక్కలైనా రాని మూడు పిల్లలు గూట్లో బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. ఒక ముసలి తాబేలు వాటిని వీపు మీద ఎక్కించుకుని కొండకేసి నడుస్తుంది. దారిలో నక్క అడ్డం వచ్చి తాబేలు కాలు పట్టుకుని కొరుకుతుంది. కాళ్ళూ తలా డిప్పలోకి లాక్కుంటే తాబేలుకు ఏ బాధా లేదు. కానీ లాక్కుంటే డిప్ప కూలబడి పిల్లలు జారి పడిపోతాయి. అందుకని కరిపించుకుంటూనే నడుస్తుంది. చివరికి నక్కకే పళ్ళు నొప్పి పుట్టి పారిపోతుంది. కొండెక్కాక తల్లికొంగ ఆకాశంలో తిరుగుతూ పిల్లల్ని పిలుస్తుంది. అన్నిటికన్నా చిన్నపిల్ల "అమ్మా!" అని బదులు పలుకుతుంది. తల్లి వచ్చి వాలుతుంది.

ఆ పిలుపు దగ్గరికి రాగానే శేషావధాని గొంతు సన్నగా వణికేది. కొలువంతా కళ్ళొత్తుకునేది.

రాజుకు కువలయ అని ఒక్కగానొక్క కూతురు. పసితనంలో విషజ్వరం వచ్చి ఆమెకు వినికిడి పోయింది. కళ్ళు మాత్రం కలువరేకుల్లా ఎప్పుడూ విప్పారి ఉండేవి. ఏడేళ్ళొచ్చిన ఏట ఆమె కూడా కథకు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. పిలుపు ఘట్టం వచ్చింది. అందరూ ఏడుస్తున్నారు. కువలయ ఒక్కొక్కరి ముఖం చూసింది. తండ్రి ఉత్తరీయం పట్టుకు లాగి, అరచెయ్యి తిప్పి అడిగింది. ఏమైంది? ఎందుకు ఏడుస్తున్నారు?

రాజుకు ఎలా చెప్పాలో తెలియలేదు. వేళ్ళు ఆడించాడు, ఆకాశం చూపించాడు. పిల్లకు అర్థం కాలేదు. లేచి వెళ్ళి స్తంభం వెనక ముఖం దాచుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

రాజు గుండె చెరువైంది. మర్నాడే ఊరూరా దండోరా వేయించాడు.

"వచ్చే అమావాస్య మొదలు ఈ రాజ్యంలో ఎవరూ కథ చెప్పరాదు, చదవరాదు, పాడరాదు, ఆడరాదహో! రాజుగారి బిడ్డకు అందని కథ ఎవరికీ వద్దహో!"

సరిగ్గా ఆ రోజే హనుమక్క ఊళ్ళోకి వచ్చింది. ఆమె తోలుబొమ్మలాడించే మనిషి. బండిలో బొమ్మలపెట్టె, మద్దెల, తొక్కితే టపటపలాడే చెక్కలు. బండి తోలేది మొగుడు నారప్ప. ఆమె ఆడిస్తుంది, అతను పాడతాడు.

దండోరా విని నారప్ప ఎద్దుల పగ్గం లాగాడు. "బండి తిప్పేద్దామే. కథలొద్దన్న ఊళ్ళో మనకేం పని?"

"ఆగయ్యా. ఈ రాజ్యం కథ మానేస్తే చూసి పక్క రాజ్యం మానేస్తుంది. ఎన్ని ఊళ్ళని తప్పించుకు తిరుగుతాం?" అంది హనుమక్క. చల్ల అమ్ముకునే ఆమెను ఆపి సంగతంతా అడిగి తెలుసుకుంది. విన్నాక బండి దిగింది. "కథ మీద రాజుకు పగ లేదు. బిడ్డకు అందలేదనే బాధ. అందితే బాధ పోతుంది కదా?"

తిన్నగా కొలువుకు వెళ్ళి దణ్ణం పెట్టింది. "మారాజా, నాకు మూడు రోజులు గడువివ్వండి. మీ బిడ్డకు తాబేలు కథ చూపిస్తాను."

"మా పండితులు చెయ్యలేనిది నీ మేకతోలు బొమ్మలు చేస్తాయా?" అన్నాడు రాజు.

"చేస్తాయో లేదో నాకూ తెలియదు దొరా. చెయ్యవని కూడా ఇంకా ఎవరికీ తెలియదు."

రాజు ఆమెను తేరిపార చూశాడు. "సరే. మూడు రోజులు. అందకపోతే నీ పెట్టెకు ఇక్కడే తాళం పడుతుంది."

శేషావధాని చెయ్యెత్తాడు. "ఆడించమ్మా, కాదనను. కానీ కథలో ఒక్క అక్షరం పొల్లుపోకూడదు సుమా! పెద్దలిచ్చింది పెద్దలిచ్చినట్టే ఉండాలి."

మొదటి రోజు చిత్రశాల తలుపులు, కిటికీలు మూసి పట్టపగలే చీకటి చేశారు. తెల్లని తెర కట్టి వెనక ఆముదం దీపం పెట్టారు. నారప్ప మద్దెల వాయిస్తూ పాట ఎత్తుకున్నాడు. ఎర్రని, పచ్చని, నీలపు బొమ్మలు తెర మీద మెరిసిపోయాయి. కొలువు మురిసిపోయింది. పిలుపు ఘట్టంలో నారప్ప గొంతుకు రాణిగారు వెక్కివెక్కి ఏడ్చింది.

కువలయ మాత్రం తెర చూసింది, రాణిని చూసింది, మళ్ళీ తెర చూసింది. మెల్లగా తల వంచుకుంది.

తెర సందులోంచి హనుమక్క అది చూసింది. బసకు వెళ్ళాక మొగుడితో అంది. "ఇన్నేళ్ళూ నా బొమ్మలే కథ చెబుతున్నాయనుకున్నానయ్యా. చెప్పేది నీ పాట. బొమ్మలు ఊరికే గంతులేస్తున్నాయి."

"మరి రేపు?"

"రేపు నువ్వు పాడొద్దు. చెక్కలు మాత్రం గట్టిగా తొక్కు."

రెండో రోజు పాట లేదు, మద్దెల లేదు. హనుమక్క బొమ్మల్ని నిదానంగా ఆడించింది. నీలం బట్ట ఊపుతూ నీళ్ళు పెంచింది. గూడు ఊగింది. మూడు పిల్లలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. వరద విరుచుకుపడినప్పుడు నారప్ప ధనాధనా చెక్కలు తొక్కాడు. ఆ అదురు నేలలోంచి కువలయ పాదాలకు తగిలింది. పిల్ల ఉలిక్కిపడి, రెండు అరచేతులూ నేలకు ఆన్చి, కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

తాబేలు వచ్చింది. పిల్లలు ఎక్కాయి. నక్క వచ్చి కాలు పట్టుకుంది. కువలయకు ఒళ్ళు మండిపోయింది. పక్కనున్న దాసి చేతిలో విసనకర్ర లాక్కుని నక్క మీదికి విసిరింది! తెర అల్లల్లాడింది. సభ నవ్వులతో గొల్లుమంది. తెర వెనక హనుమక్క కూడా పడిపడి నవ్వుతూ, నక్కను రెండు పల్టీలు కొట్టించి పంపేసింది.

ఇక పిలుపు వచ్చింది. తల్లికొంగ ముక్కు తెరిచింది. చిన్నపిల్లా ముక్కు తెరిచింది.

కువలయ గభాల్న లేచి లోపలికి పరుగెత్తింది. అందరూ తెల్లబోయి చూస్తున్నారు. కాసేపటికి వెండిగిన్నెలో పెరుగన్నం పట్టుకొచ్చింది. ఒక ముద్ద కలిపి, తెర మీద కొంగపిల్ల ముక్కుకు అందించింది.

నోరు తెరిస్తే ఆకలనే కదా అర్థం!

సభ మళ్ళీ ఘొల్లున నవ్వింది. ఈసారి పిల్లకు ఆ నవ్వెందుకో తెలియలేదు. గిన్నె కింద పెట్టేసి, రాణి కొంగు చాటున దాక్కుంది. రాజు ముఖం నల్లబడింది. "ఇంకొక్క రోజు" అని లేచి వెళ్ళిపోయాడు.

నారప్ప పెట్టె సర్దుతూ, "దాదాపు అందిందే" అన్నాడు.

"దాదాపు అందిన అన్నం ఆకలి తీరుస్తుందా?" అంది హనుమక్క. మెతుకులంటిన తెరగుడ్డను ఒళ్ళో పెట్టుకుని తుడిచింది. ఆపైన నెమ్మదిగా అంది. "పిలుపంటే ఏమిటో ఆ బిడ్డకు నేను చెప్పలేనయ్యా. ఆ బిడ్డ అమ్మను ఎలా పిలుచుకుంటుందో నాకు తెలుసా? లేదు. ఆమెనే అడగాలి."

మూడో రోజు సభ నిండాక హనుమక్క తెర ముందుకు వచ్చింది. కువలయ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న కొంగపిల్ల బొమ్మను చేతిలో పెట్టింది. తెర వెనక్కి రమ్మని సైగ చేసింది.

"రాజకుమారి బొమ్మలాడించడమా!" అన్నాడు శేషావధాని.

రాజు కూతురి వైపు తిరిగాడు. కువలయ అప్పటికే తెర వెనక్కి వెళ్ళిపోయింది.

ఆట మొదలైంది. వెదురుపుల్ల ఎలా పట్టుకోవాలో హనుమక్క వేళ్ళు సర్ది చూపించింది. వరదొచ్చింది. కువలయ కొంగపిల్ల వణికింది. తాబేలు వచ్చింది. కొంగపిల్ల తటపటాయించి, ఒక కాలు పెట్టి చూసి, ఆపైన ఎక్కింది. నక్క కొరికినప్పుడు వంగి తాబేలు మెడ నిమిరింది. అలా నిమరమని ఎవరూ చెప్పలేదు. హనుమక్క బొమ్మలాడిస్తూనే ఓరకంట చూసి మురిసిపోయింది.

కొండ వచ్చింది. హనుమక్క తల్లికొంగను తెర పైఅంచుకు ఎత్తింది. తల్లి అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎక్కడా పిల్లలు లేరు. మెల్లగా దూరంగా సాగిపోతోంది.

కువలయ చూసింది. అమ్మ వెళ్ళిపోతోంది! కొంగపిల్లను అటూ ఇటూ ఊపింది. తల్లి చూడలేదు. పుల్ల ఎత్తి ఎగిరెగిరి ఊపింది. తల్లి ఇంకా దూరం పోయింది. హనుమక్క పెదవి కొరుక్కుంది. దారి చూపించాలని చెయ్యి లాగుతోంది. అయినా చూపించలేదు.

పిల్ల కంగారులో ఒక అడుగు వెనక్కి వేసింది. దీపం దగ్గరైంది. తెర మీద కొంగపిల్ల నీడ రెట్టింపైంది.

కువలయ తెల్లబోయి నీడ చూసింది, చేతిలో బొమ్మ చూసింది, దీపం చూసింది. ఆమె కళ్ళు తళుక్కుమన్నాయి. ఇంకో అడుగు వేసింది. నీడ తాబేలంతైంది. మరో అడుగు. కొండంతైంది. రెక్కలు రాని ఆ బుల్లి కొంగపిల్ల తెరంతా నిండి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రెపరెపలాడింది.

తల్లికొంగ టక్కున ఆగింది. వెనక్కి తిరిగింది. చూసింది!

అది రివ్వున దిగి వస్తుంటే, కువలయ ఒక్కొక్క అడుగే ముందుకు వేస్తూ నీడను చిన్నది చేసుకుంటూ వచ్చింది. తెరంత పిల్ల మళ్ళీ చిన్నపిల్లయ్యి, తల్లి రెక్క కింద ఒదిగిపోయింది.

కువలయ తెర పక్కనుంచి తొంగి చూసింది. తండ్రి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. అందరూ కళ్ళొత్తుకుంటున్నారు. ఈసారి ఆ కన్నీళ్ళెందుకో ఆమెకు తెలుసు. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి. పరుగున వెళ్ళి తండ్రి మెడ వాటేసుకుంది. కొంగపిల్ల ఒదిగినట్టే ఒదిగింది.

కాసేపటికి శేషావధాని లేచాడు. ఏమంటాడోనని అందరూ బిగుసుకుపోయారు.

"ప్రభూ, కథలో ఉన్నది పిలుపు. ఈ బిడ్డ దాన్ని నీడ చేసింది. పెద్దలిచ్చిన కథ మారింది," అన్నాడు. "కానీ సభలో నిలబడి అబద్ధమాడలేను. మా గురువుగారి కథలో తల్లికొంగ ఏడో రోజుకు గానీ రాదు. వినే పిల్లలు అన్ని రోజులు ఆగలేక ఏడుస్తున్నారని, నేనే ఆ పూటకే రప్పించాను. మా గురువుగారు వాళ్ళ గురువు దగ్గర విన్న కథలో నక్కే లేదట. అందరం మార్చినవాళ్ళమే. ముప్పై ఏళ్ళు చదివాను, తాబేలు మెడ నిమరాలని నాకు తోచలేదు. ఈ బిడ్డకు తోచింది."

అని హనుమక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. హనుమక్క సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ రద్దు చేశాడు. "ఏం కావాలో కోరుకో హనుమక్కా. ఒక ఊరు రాసిస్తాను."

"ఊరేం చేసుకుంటాం మారాజా, తిరిగే కాళ్ళు మావి. ఏటా కథ చదివేటప్పుడు పక్కన ఒక తెర కట్టించండి. వినేవాళ్ళు వింటారు, చూసేవాళ్ళు చూస్తారు."

ఆమె మాట ముగిసేలోపే కువలయ వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. మూడు వేళ్ళు చూపించింది. ఇంకో మూడుసార్లు ఆడాలట! నారప్ప నవ్వుతూ చెక్కలెక్కాడు. అసలు మూడుసార్లతో ఆగలేదు, దీపంలో ఆముదం అయిపోయేదాకా ఆడారు. నాలుగోసారి నక్క బొమ్మను శేషావధాని పట్టుకున్నాడు. ఆయన వేసిన పల్టీలకు రాజుగారికి పొలమారింది.

ఆపైన ఆ కథ ఊళ్ళమీద పడింది. నేతగాళ్ళు చీర అంచు పొడవునా తాబేళ్ళను నడిపించారు. కుమ్మరులు మూతల మీద మూడు కొంగపిల్లల్ని నిలబెట్టారు. నాట్లేసే ఆడవాళ్ళు తాబేలు నడకకు వరస కట్టి పాడుకున్నారు. శేషావధాని నీడ మీద కొత్తగా ఒక పద్యం చెప్పి, దాన్ని చదివేటప్పుడు చేతులు బార్లా చాచి చూపేవాడు. ఎవరు చెప్పినా ఏదో ఒకటి చేర్చారు, ఎవరు చేర్చినా తాబేలు మాత్రం తల లోపలికి లాక్కోలేదు.

ఇంతకూ పిల్లలూ, ఇందులో నీతి ఇది: పాత కథను పెట్టెలో దాస్తే పురుగుల పాలవుతుంది, పాటగా, ఆటగా, బొమ్మగా ఎవరికి అందేలా వాళ్ళకు చెబితే పదికాలాలు బతుకుతుంది.