ఖాళీ ట్రేలో పులిజూదం

చిత్తడికోట రాజు ఉద్దండ భూపతికి ఒకనాడు నిండు సభలో కోపం వచ్చింది. శత్రువుల మీద కాదు, వాళ్ల మీద ఆయనకెప్పుడూ రాలేదు. కంప్యూటరు మీద వచ్చింది.

“పులిజూదం ఆట కొన్నది నేను. ఆడాలంటే మాత్రం దండపాణి దయ కావాలి. అతను రాకుండా ఆడుకునే దారి చూపించినవాళ్లకు మంచి బహుమానం ఇస్తాను,” అన్నాడు.

ఆ కాలంలో కంప్యూటరు ఎక్కడిదని అడక్కండి. కథల్లో గుర్రాలు ఎగిరినప్పుడు అడిగారా?

దండపాణి కోటకు యంత్రాధికారి. కంప్యూటరు ట్రేలో అసలు డిస్కు ఉంటే తప్ప ఆట మొదలుకాదు. ఆ డిస్కును ఆయన చందనం పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. రాజుగారికి ఆడబుద్ధయితే కబురు పెట్టాలి. ఆయన తీరిగ్గా స్నానం చేసి, తలపాగా చుట్టుకుని, ముందు బూరా ఊదించుకుంటూ వచ్చి డిస్కు పెట్టేవాడు. ఆ పైన పక్కనే నిలబడి, “ఆ మేకను అక్కడ పెట్టకూడదు ప్రభూ,” అనేవాడు. రాజుగారికి ఒళ్లు మండింది ముఖ్యంగా దీనికే.

పండితులు తాళం పగలగొట్టమన్నారు. సేనాపతి దండపాణినే పగలగొడతానన్నాడు. కోటలో ఉత్తరాలు టైపు చేసే నాంచారమ్మ మాత్రం, “ఈసారి ఆట మధ్యలో దండపాణిగారిని ఒక అరగంట తోటలో తిప్పుకురండి ప్రభూ, చాలు,” అంది.

రాజుగారు తిప్పుకొచ్చాడు. ఆ అరగంటలో నాంచారమ్మ డిస్కులో ఉన్నదంతా చుక్క పోకుండా కంప్యూటరు పొట్టలోకి ఎక్కించింది. లేని డిస్కు ఉన్నట్టు ఆటను నమ్మించే సాఫ్ట్‌వేర్ ఒకటి దానికి జతచేసింది.

తర్వాతి వారం దండపాణి అత్తారింటికి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే రాజుగారు మఠం వేసుక్కూర్చుని హాయిగా పులుల్ని కట్టేస్తున్నాడు. దండపాణి ట్రే తెరిచాడు. ఖాళీ. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

మర్నాడు సభలో ఆయన ఒక కాగితపు చుట్ట విప్పాడు. అది సింహాసనం దగ్గర మొదలై గుమ్మం దాకా దొర్లింది. ఆట కొన్నప్పటి ఒప్పందం. చివర రాజముద్ర.

“నూటపదకొండో షరతు. నకలు తీసినవాళ్లను రాజ్యం నుంచి వెళ్లగొట్టాలి. తమరు ముద్ర వేశారు ప్రభూ.”

“వేశాను. అంత పొడుగు కాగితం ఎవడు చదువుతాడయ్యా?”

“చదవకపోయినా ముద్ర ముద్రే కదా.”

ముద్ర వేసి కాదంటే రేపు రాజుగారి మాటకు విలువేముంటుంది? కోట తప్ప నాంచారమ్మకు వేరే చోటు లేదు, నా అన్నవాళ్లు లేరు. అయినా గొంతు సవరించుకుని ముందుకొచ్చింది.

“దండపాణిగారూ, నా తప్పేమిటో అందరికీ తెలిసేలా చెప్పండి. అది విని వెళ్లిపోతాను.”

“అసలుది లేకుండా, దాని బదులు మరొకటి పెట్టి జరిపించిన ఏ పనీ చెల్లదు. అలా జరిపించినవాళ్లు మోసగాళ్లు.”

“ఏ పనీ చెల్లదా?”

“ఏ పనీ.”

“రాసి సంతకం పెడతారా?”

దండపాణి పెద్ద పెద్ద వంకరలు తిప్పి సంతకం పెట్టాడు.

నాంచారమ్మ కాగితం పుచ్చుకుని, “మహారాణిగారి పెళ్లి రోజున రాజుగారు ఎక్కడున్నారండీ?” అని అడిగింది.

“ఇక్కడే. గవదబిళ్లలు వచ్చి మంచంలో ఉన్నారు.”

“మరి పీటల మీద?”

పెళ్లికొడుకు రాలేకపోతే అతని కత్తికి బాసికం కట్టి, పీటల మీద పెట్టి పెళ్లి జరిపించడం ఆ రాజవంశపు ఆచారం. సభలో అందరికీ తెలుసు.

“ఆయన కత్తి ఉంది,” అన్నాడు దండపాణి మెల్లిగా.

“దాన్ని పల్లకీలో పెట్టి తీసుకెళ్లిందెవరు?”

“నేనే.”

“పెళ్లికూతురికి తెలుసు, వియ్యాలవారికి తెలుసు. కత్తి రాజుగారిదే, పెళ్లీ రాజుగారిదే. అందులో మోసం ఉందని ఎవరూ అనలేదు. ఇక్కడా అంతే. డిస్కు రాజుగారిదే, ఆడిందీ రాజుగారే.”

“ఆ నకలు పక్క రాజ్యాలకు పంచిపెడితే?” అని దండపాణి అరిచాడు.

“పంచిన రోజున వెళ్లగొట్టండి. రాజుగారి కత్తి కూడా పది పెళ్లిళ్లకు వెళ్లగలదు. వెళ్లిందా?”

“వెళ్లలేదు,” అన్నాడు రాజు, అవసరమైనదానికన్నా గట్టిగా, మహారాణి కూర్చున్న తెర వైపు చూస్తూ.

తెర వెనక గాజులు గలగలమన్నాయి. మహారాణి గొంతు వినిపించింది.

“దండపాణిగారూ, మీ సంతకం ప్రకారం చెప్పండి. పన్నెండేళ్లుగా నేను ఈ కోటలో ఎవరి భార్యగా ఉంటున్నాను?”

దండపాణి రాజును చూశాడు, తెరను చూశాడు. సేనాపతి ఒరలోంచి కత్తిని రెండంగుళాలు పైకి లాగి ఆసక్తిగా చూస్తున్నాడు.

“మహారాజుగారి భార్యగానే తల్లీ. పెళ్లి చెల్లింది.”

“మరి ఆట?”

“అదీ చెల్లింది తల్లీ.”

ముందు తెర వెనక నవ్వు మొదలైంది. తర్వాత సభంతా ఘొల్లుమంది. రాజుగారు కళ్ల నీళ్లు తుడుచుకుంటూ లేచి, నూటపదకొండో షరతు ఉన్న చోట కాగితాన్ని అడ్డంగా చింపి, తన బంగారు కడియం తీసి నాంచారమ్మ చేతికి తొడిగాడు.